నెలనెలా మాత్రలు మన సీమలోనే దొరకాలి: ఆంధ్రప్రదేశ్ వైద్యారోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి, శాఖ ఉన్నతాధికారులకు, రాయలసీమ జిల్లాల వైద్యాధికారులకు,

నమస్కారం.

2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్‌ను మీరంతా చదివే ఉంటారు. మానసిక జబ్బు ఉన్న ఏ మనిషీ వైద్యం కోసం చాలా దూరం పోవాల్సిన అవసరం రాకూడదనీ, ఆ వైద్యం వాళ్ళుండే చోటికి దగ్గర్లోనే దొరకాలనీ అందులో రాసి ఉంది. ప్రభుత్వం అత్యావశ్యక మందుల జాబితా ప్రకటించాలనీ, జాబితాలోని ప్రతి మందూ సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) మొదలుకొని పైనున్న అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్ని వేళలా ఉచితంగా ఇవ్వాలనీ కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఈ రెండు వాక్యాలు అమలైతే చాలు. ఇంతకు మించి నేను కొత్తగా అడగబోయేది పెద్దగా లేదు.

నేను బెంగళూరులో, హోసూరు రోడ్డుకు దగ్గర్లో, మందుల షాపు నడుపుతున్నాను. మాది కదిరి పక్కన పల్లె. ఇక్కడి జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనో, చుట్టుపక్కల సైకియాట్రిస్టుల దగ్గరో చూపించుకున్న మనవాళ్ళు చీటీలు పట్టుకుని నా షాపుకు వస్తుంటారు. ఓపీ రోజు కాకపోయినా మందుల కోసమే వచ్చేవాళ్ళు కొందరు. బ్రాండు మారితే ఒప్పుకోనివాళ్ళు కొందరు. హిందూపురం, ధర్మవరం, మదనపల్లి, పుంగనూరు, రాయచోటి, ఆదోని... నోరు విప్పగానే ఎవరిదే ఊరో యాసను బట్టి తెలిసిపోతుంది. కౌంటరు ఇవతల నుంచి తెలుగు వినబడగానే వాళ్ళ ముఖాల్లో బెదురు కొంచెం తగ్గుతుంది. కూర్చుంటారు, నీళ్ళు తాగుతారు, ఇంటి సంగతులు చెప్పుకుంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మాటలు వింటూ నాకు అర్థమైనదే ఈ లేఖలో రాస్తున్నాను.

నిమ్హాన్స్‌కు రావొద్దని నేననను. జబ్బేమిటో తేలని మనిషికి, ఏ మందూ పనిచేయని మనిషికి, చావు అంచు దాకా పోయి వచ్చిన మనిషికి అలాంటి పెద్దాసుపత్రి ఉండాల్సిందే. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా మొదలై, 1974లో ఇక్కడి పాత ప్రభుత్వ మానసిక వైద్యశాలతో కలిసి నిమ్హాన్స్ అయింది. దేశం నలుమూలల నుంచీ దిక్కు తోచనివాళ్ళు వచ్చే చోటు అది. నా బాధంతా వేరేవాళ్ళ గురించి. వాళ్ళ జబ్బేమిటో ఏనాడో తేలిపోయింది. మందు కుదిరింది. ఇంట్లో మామూలుగా తిరుగుతున్నారు, గొర్రెలు కాసుకుంటున్నారు, టమోటా తోటల్లో కూలికి పోతున్నారు. వాళ్ళు కూడా అవే మాత్రల కోసం పని మానుకుని, తోడుకొకరిని వెంటబెట్టుకుని, రాష్ట్రం దాటి ఎందుకు రావాలి?

ఈమధ్య ఒక తల్లీ కొడుకూ వచ్చారు. అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి, స్కిజోఫ్రీనియా. లేని మాటలు వినబడే, లేనిపోని అనుమానాలు కలిగే జబ్బది. రాత్రి బస్సెక్కి తెల్లవారి మెజెస్టిక్ బస్టాండులో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సులో వచ్చారు. చీటీలో రిస్పెరిడోన్, దాని వల్ల చేతులు వణక్కుండా ట్రైహెక్సీఫెనిడిల్, రెండు నెలలకు సరిపడా రాసి ఉన్నాయి. ఆమె కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కబెట్టుకుంది. తిరుగు చార్జీలు పక్కన పెట్టింది. మధ్యాహ్నం తిండికి కొంత తీసింది. మిగిలినదానికి ఎన్ని వస్తే అన్నే ఇవ్వు నాయనా అంది. రెండు వారాలకు పైచిలుకు వచ్చాయి.

అలాంటప్పుడు స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించాలి. చాలా స్ట్రిప్పుల మీద గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఒక చివరే ఉంటాయి. ఆ చివర నా దగ్గర మిగిలిపోతే వాళ్ళ చేతికి పోయేది సగం పేరున్న రేకు ముక్క. దాన్ని చూసి ఊళ్ళో డాక్టరు ఇది ఫలానా మందు, ఇన్ని మిల్లీగ్రాములు అని ఎలా చెప్పగలడు? అందుకని పేరూ తేదీ ఉన్న చివర వాళ్ళకే ఇస్తాను. మిగిలిన ముక్క నేను అమ్ముకోలేను, అది వేరే సంగతి. కవరు మీద మందు పేరు, మోతాదు, పొద్దున ఎన్ని రాత్రి ఎన్ని అన్నది తెలుగులో రాసి తేదీ వేస్తాను. ఆమెకు చదువు రాదు. ఊళ్ళో బడిపిల్లలతో చదివించుకుంటానని చెప్పి కవరు మడిచి రవికలో పెట్టుకుంది.

ఆ రెండు వారాలు గడిచాక ఏమవుతుందో ఎన్నో ఇళ్ళ సంగతులు విని ఉన్నాను గనక చెప్పగలను. మాత్రలు ఆగిన మర్నాడు ఏమీ కాదు. వారం గడిచినా ఏమీ కాదు. మనిషి మత్తు వదిలి ఇంకా చురుగ్గా కనబడతాడు కూడా. మాత్రలు లేకపోయినా బాగానే ఉన్నాడు, నయమైపోయిందని ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. ఆ తర్వాతెప్పుడో, కొందరికి నెలకు, కొందరికి నాలుగు నెలలకు, నిద్ర కరువవుతుంది. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. అన్నంలో ఏదో కలిపారంటాడు. అప్పటికి మాత్రలు ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు. గాలి సోకిందనో, ఎవరో చేయించారనో అనుకుంటారు. ఆ దారిలో కొంత డబ్బు, కొన్ని వారాలు పోతాయి. చివరికి ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు పట్టుకుని, జీపు మాట్లాడుకుని, అప్పు చేసి, మళ్ళీ బెంగళూరు. పెద్దాసుపత్రి ఓపీలో కనిపించే జనంలో ఎంతమంది ఇలా తిరిగొచ్చినవాళ్ళో మీ శాఖ ఒక్కసారి లెక్క తీయిస్తే బాగుంటుంది.

ఇంతా చేసి ఆ మాత్రల ఖరీదు? జనఔషధి ధరల్లో రిస్పెరిడోన్ లాంటి మామూలు మందు నెలకు సరిపడా కొనడానికి ఒక్కరోజు కూలి కూడా కాదు. ప్రభుత్వం టెండరు పిలిచి కొంటే ఇంకా తక్కువ పడుతుంది. ఇద్దరు మనుషుల రానుపోను చార్జీలు, తిండి, పోయిన కూలి కలిపితే దానికి ఎన్నో రెట్లు. మందుల వ్యాపారంలో ఉండి చెప్తున్నాను, ఈ జబ్బుల్లో పేదవాణ్ణి ముంచుతున్నది మందు ధర కంటే ఆ మందు దాకా నడవాల్సిన దూరమే.

ఇది మన సీమకు మాత్రమే వచ్చిన కష్టం కాదని నాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మానసిక ఆరోగ్య అట్లాస్ ప్రకారం సంపన్న దేశాల్లో లక్ష జనాభాకు 60 మందికి పైగా మానసిక ఆరోగ్య సిబ్బంది ఉంటే, బాగా పేద దేశాల్లో ఇద్దరు కూడా లేరు. ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో మానసిక ఆరోగ్యానికి దక్కేది సుమారు 2 శాతం. మధ్యాదాయ దేశాల్లో ఆ కాస్త డబ్బులోనూ 70 శాతానికి పైగా పెద్ద మానసిక ఆసుపత్రులకే పోతోంది. సంపన్న దేశాల్లో అది 35 శాతమే. అంటే డబ్బు తక్కువున్నచోటే ఉన్న డబ్బంతా నగరంలోని ఒక పెద్ద ప్రహరీగోడ లోపల చేరుతోంది. ఆఫ్రికాలో రాజధాని దాకా ఎక్కి వచ్చే కుటుంబాల కథా, కదిరి నుంచి మెజెస్టిక్‌కు వచ్చే తల్లి కథా ఒకటే. లెక్కల్లో మన దేశం బాగా పేద దేశాల జాబితాలో లేదు. ఆమెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మన దేశం సంగతికొస్తే, 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి వైద్యం అందనివాళ్ళు 70 నుంచి 92 శాతం. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది మధ్యలో మందు ఆపేశారో మండలాల వారీగా లెక్క ఉంటేనే కదా ఏ సీహెచ్‌సీకి ఎన్ని మాత్రలు పంపాలో తెలిసేది.

దారి తెలియక ఆగిపోయామని అనుకోలేం. ఆ దారి మన గడపలోనే పుట్టింది. 1980లలో నిమ్హాన్స్ డాక్టర్లు బళ్ళారి జిల్లాలో ఒక ప్రయత్నం చేశారు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బులను గుర్తుపట్టడం, నాలుగైదు ముఖ్యమైన మందులు వాడటం నేర్పించారు. ఆ మందులను పీహెచ్‌సీలోనే ఉంచారు. జిల్లా కేంద్రంలో ఒక సైకియాట్రిస్టు బృందం, ప్రతి కేంద్రంలో ఒక చిన్న రికార్డు, నెలనెలా లెక్క. అంతే. బళ్ళారి అంటే మనకు పరాయిదా? దత్తమండలాల్లో ఒకటి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా ఆ జిల్లాలోవే. ఇప్పటికీ ఆ జిల్లాలో సగం బజారు తెలుగు మాట్లాడుతుంది. బళ్ళారిలో సాధ్యమైనది రాయదుర్గంలో సాధ్యం కాదని ఎవరూ అనలేరు.

ఆ నమూనా చూసే కేంద్రం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. తొలివిడత తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాగితం మీద మనం అందరికంటే ముందున్నాం. జిల్లాకొక బృందం, దానికి పోస్టులు, శిక్షణలు అన్నీ ఉన్నాయి. అనంతపురం, కర్నూలు, కడప, తిరుపతి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలూ ఉన్నాయి. ఆ డాక్టర్ల మీద నాకు గౌరవముంది. మరి తెగేది ఎక్కడ?

నాకు కనబడినంతలో ఇండెంటు దగ్గర, అంటే మందులు కావాలని ఆసుపత్రి పైకి రాసి పంపే చోట. కింది ఆసుపత్రులు కిందటి ఏడాది ఎంత వాడారో చూసుకుని ఈ ఏడాదికి మందులు అడుగుతాయి. మానసిక జబ్బుల మందులు కిందటేడు లేవు గనక పేషెంట్లు రాలేదు. పేషెంట్లు రాలేదు గనక వాడకం సున్నా. వాడకం సున్నా గనక ఇండెంటు సున్నా. ఎవరైనా ధైర్యం చేసి తెప్పించినా, ఎవరూ రాక గడువు దాటిపోతే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలన్న భయం. ఒకసారి పోయి లేవనిపించుకుని వెనక్కి వచ్చిన కుటుంబం మళ్ళీ ఆ గడప తొక్కదు. మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన తన కూతురి మందుల కోసం దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పోతే, ఈసారి రెండు రకాలే ఉన్నాయి, మూడోది బయట కొనుక్కోమన్నారట. ఆ ఊళ్ళో మందుల షాపుల్లో అది లేదు. అడిగేవాళ్ళు లేనిదే షాపువాడూ తెప్పించడు. చివరికి ఆయన మూడోదాని కోసం బెంగళూరు వచ్చి, వచ్చాను కదా అని మూడూ ఇక్కడే కొన్నాడు. మర్నెల నుంచి ఆ ఆసుపత్రి రికార్డులో ఆ అమ్మాయి పేరు ఉండదు. అక్కడ వాడకం ఇంకొంచెం తగ్గుతుంది.

దీన్ని తెంచాలంటే కిందటేటి వాడకాన్ని పక్కన పెట్టి, జనాభాను బట్టి, జబ్బు ఎంతమందికి ఉండే వీలుందో అంచనా వేసి, మొదటి రెండేళ్ళు మీరే పైనుంచి మందులు పంపాలి. కొన్ని గడువు దాటి పోతాయి. పోనివ్వండి. ఆ నష్టం ఎవరి జీతంలోంచీ కోయబోమని రాతపూర్వకంగా చెప్పండి. జనానికి మందు దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక వాడకం దానంతటదే పెరుగుతుంది.

మనకు 104 బండి ఉంది. మా ఊళ్ళో బండి వచ్చే రోజు ముసలివాళ్ళంతా పొద్దున్నే తయారై కూర్చుంటారు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు నెలకు సరిపడా తీసుకుంటారు. ఇంత బాగా పల్లె దాకా పాకిన ఏర్పాటు ఉన్న రాష్ట్రాలు ఎన్నో లేవు. ఆ బండిలోనే ఇంకో నాలుగు మందులు పెట్టడానికి అడ్డేమిటి? రిస్పెరిడోన్, దిగులు జబ్బుకు ఇచ్చే ఫ్లుయాక్సిటిన్, ట్రైహెక్సీఫెనిడిల్, మాత్రలు మింగనివాళ్ళకు నెలకోసారి వేసే ఫ్లూఫెనజిన్ సూదిమందు. ఇవి కొత్తగా కనిపెట్టినవి కావు, దశాబ్దాలుగా డాక్టర్లకు చేయి తిరిగినవి. అయితే వీటిని మొదలుపెట్టడం, మార్చడం సైకియాట్రిస్టు చెప్పినట్టే జరగాలి. నేనడిగేది కుదిరిన మందును కొనసాగించడం గురించే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పెళ్ళయి ఏడాది కూడా కాని అమ్మాయిలు కొందరు వస్తారు. స్ట్రిప్పులోంచి మాత్రలు తీసి విటమిన్ డబ్బాలో పోసి ఇమ్మంటారు, అత్తగారింట్లో చూడకుండా. అలా ఇవ్వకూడదు. గాలి తగిలితే కొన్ని మాత్రలు పాడవుతాయి, ఏది ఏదో తెలియకుండా పోతుంది. నేను కుదరదన్నప్పుడు వాళ్ళు తల దించుకుని పోతారు. రచ్చబండ దగ్గర అందరి ముందూ పేరు పిలిచి మాత్రలిస్తే ఆ పిల్ల ఆ బండి దగ్గరికి రానే రాదు. కాబట్టి అన్ని మందులూ ఒకేలాంటి కవర్లలో ఇవ్వండి. సొంత మండలంలో తీసుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఏ సీహెచ్‌సీలోనైనా తీసుకునే వెసులుబాటు పెట్టండి. బ్యాంకు ఖాతా ఏ బ్రాంచిలోనైనా తీయగలిగిన రోజుల్లో మందుల రికార్డు ఒకే ఆసుపత్రికి కట్టేసి ఉండనక్కర్లేదు.

ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే జబ్బుకు ఇచ్చే లిథియం, వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. లిథియం వాడితే కొన్ని నెలలకోసారి రక్తంలో దాని మోతాదు చూడాలి. ఎక్కువైతే ప్రాణానికి ముప్పు, తక్కువైతే పనిచేయదు. క్లోజపిన్ మొదలుపెట్టిన తొలి నాలుగైదు నెలలు వారం వారం తెల్లరక్తకణాల లెక్క చూడాలి. ఈ పరీక్షలు దగ్గర్లో లేకనే మంచి మందని తెలిసినా డాక్టర్లు పల్లెవాళ్ళకు క్లోజపిన్ రాయడానికి జంకుతారు. రక్తకణాల లెక్క ఏ ఏరియా ఆసుపత్రి ల్యాబులోనైనా తీయొచ్చు. రిపోర్టును ఫోనులో సైకియాట్రిస్టుకు పంపి, సరేనన్నాకే మరుసటి వారం మాత్రలు ఇచ్చేలా ఒక ఏర్పాటు పెడితే చాలు. లిథియం రక్త నమూనాను జిల్లా ఆసుపత్రికి పంపించవచ్చు. మిగతా పరీక్షల నమూనాలను ఎన్నింటినో పంపుతూనే ఉన్నారు.

పీహెచ్‌సీ డాక్టరుకు ఇదంతా తెలియదంటారు. నిజమే, హౌస్‌సర్జన్సీలో సైకియాట్రీకి ఇచ్చేది రెండు వారాలు. కానీ నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ ద్వారా ప్రాథమిక స్థాయి డాక్టర్లకు శిక్షణ ఇస్తోంది. కర్ణాటకలో మనోచైతన్య పేరుతో మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు సైకియాట్రిస్టులు వచ్చి చూసే పద్ధతి పెట్టారు. అక్కడి తీర్థహళ్ళి తాలూకాలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళను ఊళ్ళలోనే వెతికి పట్టుకుని, ఊళ్ళలోనే వైద్యం చేశారు. ఇంకాస్త దూరం చూస్తే, ఇథియోపియా మనకంటే ఎంతో పేద దేశం. అక్కడ తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళకు మామూలు ఆరోగ్య కేంద్రాల సిబ్బంది చేసిన వైద్యం, సైకియాట్రిక్ నర్సులు చేసిన వైద్యానికి ఏమాత్రం తీసిపోలేదని 2022లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలో ఆసుపత్రి ఆవరణలో బెంచీ వేసి, శిక్షణ ఇచ్చిన అవ్వలను కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవాళ్ళు ఆ అవ్వలతో మాట్లాడి ఆరునెలల్లో బాగా తేరుకున్నారని 2016లో పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన ఊళ్ళో అలాంటి పెద్దమ్మలకు కరువు లేదు. మన ఆశా కార్యకర్తలకు ఏ ఇంట్లో ఎవరు నిద్రపోవడం లేదో కూడా తెలుసు. వాళ్ళకు ఇంకో పని అప్పజెప్పేటప్పుడు దానికి తగ్గ డబ్బు కూడా ఇవ్వండి. ఇప్పటికే వాళ్ళ నెత్తిన చాలా ఉంది.

సైకియాట్రిస్టుల సంఖ్య గురించి ఒక్క మాట. జనాభాకు తగ్గట్టు మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు తేవడానికి చట్టం మొదలైన పదేళ్ళలోపు ప్రభుత్వాలు కృషి చేయాలని 31వ సెక్షన్‌లో ఉంది. ఆ గడువు 2028 మేలో ముగుస్తుంది. అప్పటికి మన రాష్ట్రం ఎక్కడుంటుందో ప్రజలకు చెప్పండి.

దర్గాలకు, గుళ్ళకు పోయేవాళ్ళను చదువుకున్నవాళ్ళు ఎగతాళి చేస్తారు. నాకది నచ్చదు. అర్ధరాత్రి బిడ్డ అరుస్తుంటే తలుపు తీసి లోపలికి రమ్మనేది అక్కడే. అలాగని అక్కడి గొలుసులను చూసీ చూడనట్టు వదిలేయలేం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. ఇప్పుడు చట్టంలో 95వ సెక్షన్ గొలుసులను ఏ రూపంలోనూ ఒప్పుకోదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో దవా-దువా (మందు, ప్రార్థన) అని, ప్రార్థన జరిగే చోటనే డాక్టరునూ కూర్చోబెట్టారు. మొక్కు మానమని ఎవరూ చెప్పలేదు, మందు కూడా వేసుకోమన్నారు. మన సీమలో ఇలాంటివాళ్ళు ఎక్కువగా పోయే చోట్లు మీ జిల్లా అధికారులకు తెలుసు. అక్కడి పెద్దలతో మాట్లాడి, జాతర రోజుల్లోనైనా ఒక బల్ల, ఒక డాక్టరు, కొన్ని మందులు పెట్టండి.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ గురించి కూడా చెప్పాలి. 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఆ నంబరు నేను షాపు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను. చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పుకోవడానికి ఒక గొంతు దొరకడం చిన్న విషయం కాదు. కానీ ఆ ఫోను పెట్టేశాక వాళ్ళు పొమ్మన్న ఆసుపత్రిలో మందు లేకపోతే ఆ ధైర్యం ఎన్నాళ్ళుంటుంది? కాలర్‌కు చెప్పిన ఆసుపత్రిలో ఆరోజు ఏ మందులున్నాయో టెలిమానస్ సిబ్బందికి కనబడేలా, ఆసుపత్రుల మందుల నిల్వలు నమోదయ్యే ఈ-ఔషధి లెక్కలతో కలపండి. రెండు వ్యవస్థలూ ప్రభుత్వానివే.

పాత చీటీ సంగతి మర్చిపోకూడదు. బెంగళూరు డాక్టరు రాసిన చీటీని చూసి, ఇది మా ఆసుపత్రిది కాదు, మళ్ళీ మొదటి నుంచి చూపించుకోండి అని వెనక్కి పంపిన సందర్భాలు మా దగ్గరికి వచ్చినవాళ్ళు చెప్పారు. గడువు దాటిన చీటీతో వస్తే నేను కూడా మందివ్వలేను, చట్టం ఒప్పుకోదు. అలా పంపించేసిన రోజు నాకు మనసు మనసులో ఉండదు. ఫోనులో ఫొటో చూపించి, అన్నా ఈ ఒక్కసారికి అని బతిమాలిన తండ్రి మళ్ళీ ఎక్కడికి పోతాడు? ఒక మందుల పుస్తకం తయారు చేయించండి. జబ్బు పేరు, మందు, మోతాదు, ఎప్పటి నుంచి, ఏది పడలేదు, తర్వాత ఎప్పుడు రావాలి, ఇవన్నీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి. కన్నడ కూడా ఉంటే ఇక్కడ పనికొస్తుంది. వైద్యం సంగతులు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 22వ సెక్షన్ అంటోంది కాబట్టి ఇది కొత్త కోరికేమీ కాదు. ఆ పుస్తకం చూపిస్తే ఏ పీహెచ్‌సీ అయినా నెల మందు ఇచ్చి, అనుమానముంటే ఫోనులో సైకియాట్రిస్టును అడగాలి. ఇందుకు కర్ణాటక ఆరోగ్య శాఖతో, నిమ్హాన్స్‌తో మీరే మాట్లాడి ఒప్పందం చేసుకోవాలి. రోగి తల్లి చేయగలిగిన పని కాదది.

పెన్షన్ గురించి ఎక్కువ రాయను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. నెలకు 6,000 రూపాయల పెన్షన్ వస్తే ఆ ఇంట్లో మందు ఆగదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో మానసిక జబ్బువాళ్ళకు వేరే రోజు, సైకియాట్రిస్టు తప్పకుండా ఉండే రోజు కేటాయించండి. క్యూలో గంటలకొద్దీ నిలబడలేక, గలాటా చేస్తారని భయపడి, వాళ్ళను ఇంట్లోవాళ్ళు తీసుకురావడమే మానేస్తున్నారు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టలేమంటే ఒక్కదానితో మొదలుపెట్టండి. సరిహద్దు పక్కనున్న మండలాల్లోని సీహెచ్‌సీలను, ఏరియా ఆసుపత్రులను తీసుకోండి. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లి, పుంగనూరు, కుప్పం వైపు నుంచే బెంగళూరుకు ఎక్కువమంది వస్తారు. అక్కడ ఏడాదిపాటు ఒక్క నెల కూడా తప్పకుండా మందులు ఉంచండి. ఏ మందులున్నాయో ప్రతి నెలా ఒకటో తేదీన ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాయించండి, శాఖ వెబ్‌సైటులో పెట్టండి.

ఆ జాబితా వచ్చిన రోజు నుంచి దాన్ని మా షాపులో అంటిస్తాను. హిందూపురం చీటీ వస్తే, అమ్మా ఈ మందు మీ ఊళ్ళోనే ఉచితంగా ఇస్తున్నారు, ఈసారికి వచ్చారు గనక తీసుకుపోండి, వచ్చే నెల నుంచి అక్కడే తీసుకోండి అని చెప్పి పంపిస్తాను. ఈ వీధిలో మరికొన్ని షాపులు తెలుగువాళ్ళవే, వాళ్ళతోనూ మాట్లాడాను, ఒప్పుకున్నారు. మాకు పోయే బేరం గురించి మీరు ఆలోచించకండి. జాబితా ఎప్పటి నుంచి మొదలవుతుందో తేదీ చెప్పండి.

ఇట్లు,
బెంగళూరులో మందుల షాపు నడుపుకుంటున్న కదిరి ప్రాంతవాసి